కొత్త 4090 గ్రాఫిక్స్ కార్డు బిగించాను, ఉబుంటులో డ్రైవర్ పనిచేయడం లేదు

తెనాలి_టేపులు
మూడు రోజులుగా ఇదే పని మీద ఉన్నాను. ఇక నావల్ల కావడం లేదు.

మా తాతయ్య బుర్రకథ దళం నడిపేవారు. 1980ల్లో ఊళ్లోవాళ్లు టేప్ రికార్డర్‌లో పట్టిన క్యాసెట్లు 43 మా ఇంట్లో ఉన్నాయి. అన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. విస్పర్‌తో (మాటలు విని రాసే ఏఐ మోడల్) వాటిని అక్షరాల్లోకి మార్చి, తప్పులు నేనే దిద్ది, ఆ దిద్దిన ప్రతితో మోడల్‌కు తాతయ్య యాస నేర్పించాలని నా కోరిక. అందుకోసమే రెండేళ్లు డబ్బు కూడబెట్టి ఆర్‌టీఎక్స్ 4090 కొన్నాను.

ఉబుంటు (లినక్స్) 24.04. అదే మెషీన్‌లో విండోస్ 11 కూడా ఉంది. కార్డు బిగించాక మామూలుగానే బూట్ అయింది. టెర్మినల్‌లో ఆప్ట్ (ఉబుంటులో సాఫ్ట్‌వేర్ ఎక్కించే కమాండ్)తో ఎన్విడియా-డ్రైవర్-550 ఎక్కించాను. మధ్యలో ఏదో పాస్‌వర్డ్ పెట్టమంటే పెట్టాను. రీస్టార్ట్ చేసిన దగ్గర్నుంచి స్క్రీన్ మీద అక్షరాలు ఇంతింత లావున వస్తున్నాయి, రిజల్యూషన్ మార్చుకునే వీలే లేదు. కార్డు వివరాలు చూపే ఎన్విడియా-ఎస్‌ఎంఐ కమాండ్ కొడితే డ్రైవర్‌ను అందుకోలేకపోతున్నానని ఎర్రర్. డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించడం ఇప్పటికి ఐదుసార్లు అయింది. కార్డే పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. బాక్స్ విప్పాక వాపసు తీసుకోబోమని షాపులో ముందే చెప్పారు.

సికింద్రాబాద్_సీపీయూ
మానిటర్ కేబుల్ ఎక్కడ గుచ్చావు బ్రో? కార్డుకా, మదర్‌బోర్డుకా? మా బావకు సీటీసీలో (సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే చోటు) షాపుంది. కొత్త కార్డు పనిచేయట్లేదని వచ్చేవాళ్లలో సగం మంది కేబుల్ పాత చోటే వదిలేసి వస్తారు.

తెనాలి_టేపులు
కార్డుకే అన్నా. చూశాను. ఇంకొకటి, కార్డు ఫ్యాన్లు ఆన్ చేయగానే ఒకసారి తిరిగి ఆగిపోతున్నాయి. అది కూడా భయంగానే ఉంది.

నల్లమల_నోడ్
ఫ్యాన్ల గురించి భయం వద్దు. చిప్ చల్లగా ఉన్నంతసేపు అవి ఆగే ఉంటాయి. పని పడి వేడెక్కితే వాటంతట అవే తిరుగుతాయి. నాది కొన్న రోజు రాత్రి నేనూ క్యాబినెట్ తెరిచి టార్చ్ లైట్ వేసి చూస్తూ కూర్చున్నాను.

రన్_రాజా
ఆప్ట్‌ను నమ్ముకోకు తమ్ముడూ. ఎన్విడియా సైట్‌లో రన్ ఫైల్ ఉంటుంది. దాన్ని దింపుకుని, గ్రాఫిక్స్ ఆపేసి, టెర్మినల్ నుంచి నేరుగా ఎక్కించు. నేను పదేళ్లుగా ఇలాగే చేస్తున్నా.

కెర్నల్_కామాక్షి
రన్_రాజా గారూ, దయచేసి ఆ సలహా ఇప్పుడు వద్దు. ఆప్ట్ ఎక్కించిన ఫైళ్ల మీద రన్ ఫైల్ తనవి రాసేస్తుంది. ఆ సంగతి ఆప్ట్‌కు తెలియదు. తర్వాత ఏదైనా అప్‌డేట్ వస్తే రెండూ కలగాపులగం అయిపోతాయి. ఆ చిక్కు విప్పడం కన్నా సిస్టం మొత్తం మళ్లీ వేసుకోవడం తేలిక.

తెనాలి_టేపులు, మీరు ఐదుసార్లు ఎక్కించారంటే ఎక్కించడంలో తప్పు లేదన్నమాట. అందుకని ఆరోసారి వద్దు. మూడు కమాండ్లు కొట్టి, ఏం వచ్చిందో ఇక్కడ పెట్టండి.

ఎల్‌ఎస్‌పీసీఐ, పక్కన మైనస్ కే. అందులో ఎన్విడియా కార్డు కింద వచ్చే లైన్లు కావాలి.
మాక్‌యుటిల్, పక్కన రెండు మైనస్‌లతో ఎస్‌బీ-స్టేట్.
సుడో మాడ్‌ప్రోబ్ ఎన్విడియా.

తెనాలి_టేపులు
మేడమ్, ఇవిగో.

మొదటిదాంట్లో కార్డు పేరు కనపడుతోంది, ఏడీ102 అని ఉంది. 'కెర్నల్ మాడ్యూల్స్' అన్న లైన్‌లో నూవో, ఎన్విడియా రెండూ ఉన్నాయి. 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' అన్న లైన్ మాత్రం లేనే లేదు.
రెండోదానికి 'సెక్యూర్‌బూట్ ఎనేబుల్డ్' అని ఒక్క ముక్క.
మూడోదానికి 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అని వచ్చింది.

సికింద్రాబాద్_సీపీయూ
దొంగ దొరికాడు.

కెర్నల్_కామాక్షి
మీ కార్డు బంగారంలా ఉంది, నిశ్చింతగా ఉండండి. ఏడీ102 అని పేరు కనపడిందంటే మదర్‌బోర్డు దాన్ని గుర్తుపట్టినట్టే.

జరిగింది ఇది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, తనకు తెలిసిన సంతకం లేని మాడ్యూల్‌ను (డ్రైవర్ ముక్కను) కెర్నల్, అంటే ఉబుంటు గుండెకాయ, లోపలికి రానివ్వదు. మీరు ఎక్కించిన ప్యాకేజీ డీకేఎంఎస్ అనే పద్ధతిలో డ్రైవర్‌ను మీ మెషీన్ మీదే కట్టి (కంపైల్ చేసి), మీ మెషీన్ తయారుచేసిన తాళంతో (కీతో) సంతకం పెట్టింది. ఆ తాళం మీదేనని మదర్‌బోర్డుకు మీరే చెప్పాలి. మధ్యలో అడిగిన పాస్‌వర్డ్ అందుకే. ఇక అక్షరాలు లావుగా రావడం ఎందుకంటే, ఎన్విడియా ప్యాకేజీ వస్తూనే నూవోను (ఉబుంటుతో పాటే వచ్చే ఓపెన్ డ్రైవర్) పక్కన పెట్టేస్తుంది. నూవో పోయింది, ఎన్విడియా లోపలికి రాలేదు. ఏ డ్రైవరూ లేకుండా బొటాబొటి స్క్రీన్ మీద నడుస్తోంది మీ సిస్టం.

పాస్‌వర్డ్ పెట్టి రీస్టార్ట్ చేశాక నీలం రంగు స్క్రీన్ ఒకటి వచ్చి ఉండాలి. 'మాక్ మేనేజ్‌మెంట్ కోసం ఏదైనా కీ నొక్కండి' అని ఇంగ్లిష్‌లో అడుగుతుంది. మాక్ అంటే మెషీన్ ఓనర్ కీ, ఆ తాళమే. చూశారా?

తెనాలి_టేపులు
నీలం స్క్రీనా? ఒక్కసారి కూడా రాలేదు మేడమ్. ఒట్టు.

కెర్నల్_కామాక్షి
పది సెకన్లే ఉంటుంది. ఈలోపు కీ నొక్కకపోతే దానంతట అదే మామూలుగా బూట్ అయిపోతుంది. మీ మానిటర్ ఏమిటి?

తెనాలి_టేపులు
హాల్లోని పాత టీవీ మేడమ్. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో. రీస్టార్ట్ చేస్తే అది సిగ్నల్ వెతుక్కుని బొమ్మ చూపించేసరికి ఉబుంటు లోగో వచ్చేసి ఉంటుంది...

అంటే ఐదుసార్లూ అది వచ్చి వెళ్లిపోయిందా!

నల్లమల_నోడ్
ఐదుసార్లు తలుపు కొట్టి వెళ్లిపోయింది పాపం.

విండోస్_వదిలినోడు
ఇంత దూరం ఎందుకు? బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపేస్తే రెండు నిమిషాల పని. నేను అలాగే చేశా. మూడేళ్లుగా ఏ బాధా లేదు.

ఎర్రటోపీ
విండోస్_వదిలినోడు, నువ్వు విండోస్ వదిలేశావు, అతను వదల్లేదు. పక్కన విండోస్ 11 ఉందని మొదటి పోస్టులోనే రాశాడు. దానికి బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఆన్‌లో ఉంటే, సెక్యూర్ బూట్ ముట్టుకోగానే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మా ఆఫీసులో ఒకావిడ ఇలాగే ఆపేసి, ఆ కీ ఎక్కడుందో తెలియక రెండు రోజులు తిరిగారు. ఆపాలనుకుంటే ముందు ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో చూసుకుని కాగితం మీద రాసుకోవాలి.

విండోస్_వదిలినోడు
అది నిజమే. డ్యూయల్ బూట్ సంగతి నేను గమనించలేదు. ఆ సలహా వెనక్కి తీసుకుంటున్నా.

రన్_రాజా
కామాక్షి గారూ, రన్ ఫైల్ వేసినా ఇదే ఎర్రర్ వచ్చేదా?

కెర్నల్_కామాక్షి
వచ్చేది. సంతకం సంగతి తేలేదాకా ఏ దారిలో ఎక్కించినా అంతే.

తెనాలి_టేపులు, ఇప్పుడు ఇలా చేయండి. పక్కింట్లోనో, స్నేహితుల దగ్గరో మామూలు మానిటర్ ఒకటి ఒక్క గంటకు తెచ్చుకోండి. తర్వాత సుడో మాక్‌యుటిల్, రెండు మైనస్‌లతో ఇంపోర్ట్ అని కొట్టి, తాళం ఫైల్ దారి ఇవ్వండి. ఉబుంటులో అది వార్ లోపల లిబ్, దాని లోపల షిమ్-సైన్డ్, దాని లోపల మాక్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. ఫైల్ పేరు మాక్ డాట్ డెర్. పాస్‌వర్డ్ అడుగుతుంది, కొత్తది పెట్టి కాగితం మీద రాసుకోండి. రీస్టార్ట్ చేసి కీబోర్డు మీద వేలు పెట్టుకుని కూర్చోండి. నీలం స్క్రీన్ రాగానే ఏదో ఒక కీ. 'ఎన్‌రోల్ మాక్', 'కంటిన్యూ', 'యెస్', పాస్‌వర్డ్, ఆఖరున 'రీబూట్'. పాస్‌వర్డ్ కొడుతుంటే స్క్రీన్ మీద చుక్కలు కూడా రావు. కీబోర్డు పాడైందనుకోకండి.

ఆ స్క్రీన్‌కు అమెరికన్ కీబోర్డు ఒక్కటే తెలుసు. పాస్‌వర్డ్ ఇంగ్లిష్ చిన్నక్షరాలు, అంకెలతోనే పెట్టండి.

టెర్మినల్_తాత
మేము 2000 ప్రాంతంలో మొదలుపెట్టినప్పుడు స్క్రీన్ సెట్టింగుల ఫైల్ చేత్తో రాసుకునేవాళ్లం. మానిటర్ ఫ్రీక్వెన్సీ అంకెలు దాని వెనక స్టిక్కర్ మీద చూసి రాయాలి. ఒక అంకె తప్పితే చీకటే. ఇప్పటి పిల్లలకు ఆ బాధ లేదు కానీ ఈ సంతకాల బాధ వచ్చింది.

నూవోను చులకన చేయకండి. కార్డు ఎలా పనిచేస్తుందో కాగితాలేవీ చేతిలో లేకుండా, బయటి నుంచి గమనించి గమనించి రాసిన డ్రైవర్ అది. 2014లో వచ్చిన కార్డుల నుంచి కంపెనీ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ తప్పనిసరి అవడంతో వాళ్ల చేతులు కట్టేసినట్టయింది. కార్డును పూర్తి వేగానికి తీసుకెళ్లలేకపోయారు. 2022 మేలో 515 డ్రైవర్‌తో ఎన్విడియా తన కెర్నల్ మాడ్యూళ్ల సోర్స్ బయటపెట్టింది. ఇవాళ 5090కి ఆ ఓపెన్ మాడ్యూళ్లే వేయాలి, పాత మూసిన మాడ్యూళ్లతో అది పనిచేయదు. పదేళ్ల కిందట ఎవరైనా ఈ మాట చెప్తే నేను నమ్మేవాణ్ని కాదు.

ఎర్ర_కార్డు_ఫ్యాన్
ఇదంతా చదివాక ఒక మాట చెప్పాలనిపించింది. నాది ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్. అదీ 24 జీబీయే. బిగించాను, ఆన్ చేశాను, పనిచేసింది. డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది కాబట్టి సంతకం గొడవ రాదు.

తెనాలి_టేపులు
ఆలోచించాను అన్నా. కానీ నేను వాడాలనుకున్న ఫాస్టర్-విస్పర్‌కు సీయూడీఏ (ఎన్విడియా కార్డు మీద లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్) కావాలి. అందుకే ఇటు వచ్చాను.

ఎర్ర_కార్డు_ఫ్యాన్
నేను విస్పర్ డాట్ సీపీపీని వల్కన్ (వేర్వేరు కంపెనీల కార్డుల మీద నడిచే పద్ధతి) మీద నడుపుతున్నాను, బాగానే నడుస్తోంది. పైటార్చ్‌కు (మోడళ్లకు నేర్పించే సాఫ్ట్‌వేర్) ఏఎమ్‌డీ వాళ్ల రాకెమ్ ఉంది. అయితే మోడల్‌కు నేర్పించే పనిలో దొరికే ఉదాహరణలన్నీ సీయూడీఏకే రాసి ఉంటాయి, ఆ మాట ఒప్పుకుంటాను. నీ పనికి నీ ఎంపిక సరైనదే.

తెనాలి_టేపులు
వచ్చిందీఈఈ!!!

ఎదురింటి బాబు మానిటర్ తెచ్చాను. రీస్టార్ట్ చేశాను. నీలం స్క్రీన్ వచ్చింది. పైన పది నుంచి అంకెలు తగ్గుతున్నాయి. చేతులు వణికాయి, ఏడు దగ్గర కీ నొక్కాను. మేడమ్ చెప్పినట్టే ఐదు మెట్లు. రీబూట్ అయ్యాక లాగిన్ స్క్రీన్ పూర్తి రిజల్యూషన్‌తో వచ్చింది. ఎన్విడియా-ఎస్‌ఎంఐ కొడితే డబ్బా గీసి లోపల కార్డు పేరు, 24564 ఎంఐబీ, 450 వాట్లు అని చూపించింది. అమ్మను పిలిచి చూపించాను. ఆవిడకు అర్థం కాకపోయినా నా మొహం చూసి కాఫీ పెట్టింది.

కామాక్షి మేడమ్, మీ రుణం తీర్చుకోలేను.

ఒక అనుమానం. నేను సీయూడీఏ ఇంకా ఎక్కించలేదు. కానీ అందులో కుడివైపు సీయూడీఏ 12.4 అని చూపిస్తోంది. ముందే ఉందా?

కెర్నల్_కామాక్షి
చాలా సంతోషం. మీరే ఓపిగ్గా చేసుకున్నారు.

ఆ 12.4 అంటే ఈ డ్రైవర్ అంతవరకు నడపగలదని మాత్రమే. ఎక్కించినట్టు కాదు. పైటార్చ్ తనకు కావలసిన సీయూడీఏ ఫైళ్లు తనే తెచ్చుకుంటుంది. మీ పనికి డ్రైవర్ ఉంటే చాలు, సీయూడీఏ టూల్‌కిట్ వేరే వేయకండి. రెండు రెపోల (సాఫ్ట్‌వేర్ దింపుకునే చోట్ల) నుంచి రెండు డ్రైవర్లు వచ్చి కొట్టుకునే కేసులు అక్కడే మొదలవుతాయి.

ఇంకోటి. మళ్లీ ఎప్పుడైనా ఉబుంటు కొత్తగా వేసుకుంటే ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్ అని కొట్టండి. అది వీలున్నంతవరకు ముందే కట్టి, ఉబుంటు సంతకం పెట్టిన మాడ్యూళ్లు తెస్తుంది. అవి వస్తే నీలం స్క్రీన్‌తో పనే ఉండదు.

నల్లమల_నోడ్
డీకేఎంఎస్ వాడేవాళ్లకు నా అనుభవం ఒకటి. 22.04లో కెర్నల్ 6.5కు మారినప్పుడు ఒక పొద్దున్నే నాకూ ఇలాగే లావు అక్షరాలు. సంతకం బాగానే ఉంది. ఆ కెర్నల్‌ను జీసీసీ (కంపైలర్) 12తో కట్టారు, నా మెషీన్‌లో ఉన్నది 11. డ్రైవర్ కట్టడం మధ్యలో ఆగిపోయింది. జీసీసీ 12 ఎక్కించగానే సర్దుకుంది. డీకేఎంఎస్ స్టేటస్ అని కొడితే ఏ కెర్నల్‌కు డ్రైవర్ కట్టిందో, దేనికి కట్టలేదో కనపడుతుంది. కెర్నల్ మారిన ప్రతిసారీ రీస్టార్ట్‌కు ముందు ఒకసారి చూస్తాను.

తెనాలి_టేపులు
మళ్లీ నేనే. రాత్రి చిన్న శాంపిల్‌తో మోడల్‌కు నేర్పించడం మొదలుపెట్టాను. నిమిషం కూడా కాలేదు, యూపీఎస్ గీ అని అరిచింది, మొత్తం ఆరిపోయింది. రెండుసార్లు అదే జరిగింది. ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) 850 వాట్లదే.

సికింద్రాబాద్_సీపీయూ
యూపీఎస్ ఎన్ని వీఏ?

తెనాలి_టేపులు
600.

సికింద్రాబాద్_సీపీయూ
600 వీఏ అంటే చేతికొచ్చేది 360 వాట్ల దగ్గర. కార్డు ఒక్కటే 450 తాగుతుంది. ఎడ్లబండికి లారీ లోడు కట్టావు. ప్రస్తుతానికి కంప్యూటర్‌ను యూపీఎస్ నుంచి తీసి మంచి ఎర్తింగ్ ఉన్న 16 ఆంప్స్ ప్లగ్‌కు పెట్టు.

క్యాబినెట్ ఎలాగూ తెరుస్తావు కాబట్టి కార్డుకు వెళ్లే 16 పిన్నుల కనెక్టర్ కూడా చూసుకో. 2022 చివర్లో ఆ కనెక్టర్లు కరిగిపోయిన ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. చాలావాటిలో అది లోపలిదాకా దిగకపోవడమే కారణమని తేలింది. టార్చ్ వేసి పక్కనుంచి చూడు, సందు గీతంత కూడా కనపడకూడదు. కనెక్టర్ మొదట్లోనే కేబుల్ వంచకు. తలుపు వేస్తే కేబుల్ నొక్కుకుంటుంటే తలుపు తీసే ఉంచు.

తెనాలి_టేపులు
ఇప్పుడే చూశాను. ఒక పక్క గోరు దూరేంత సందు ఉంది అన్నా! పవర్ ఆపి, తీసి, మళ్లీ టక్ అనేదాకా నొక్కాను. కరిగిన గుర్తులేమీ లేవు. మీరు చెప్పకపోతే నేను చూసేవాణ్ని కాదు.

సికింద్రాబాద్_సీపీయూ
దేవుడు చల్లగా చూశాడు.

రన్_రాజా
యూపీఎస్ లేకపోతే కరెంటు పోయినప్పుడు రాత్రంతా చేసిన పని పోతుంది కదా? మా వైపు మే నెలలో చెప్పాపెట్టకుండా పోతుంది.

ఎర్రటోపీ
దానికి రెండు పనులు చేయాలి. నేర్పించేటప్పుడు కొన్ని వందల స్టెప్పులకు ఒకసారి చెక్‌పాయింట్ దాచుకునేలా పెట్టుకుంటే కరెంటు వచ్చాక అక్కడినుంచి మొదలుపెట్టొచ్చు. రెండోది, కార్డుకు కళ్లెం వేయడం. సుడో ఎన్విడియా-ఎస్‌ఎంఐ, మైనస్ పీఎల్, 300. అంతకు మించి వాట్లు తాగదు. వాట్లలో మూడో వంతు తగ్గినా వేగం ఆ లెక్కన పడిపోదు, చాలా తక్కువే తగ్గుతుంది. ఆఖరి 100, 150 వాట్లు కొసరు వేగం కోసమే ఖర్చవుతాయి. ఎండాకాలంలో గది వేడి తగ్గడం మాత్రం ఒంటికి తెలుస్తుంది. మాది ఖమ్మం, నేను ఏప్రిల్ నుంచి జూన్ దాకా 280 దాటనివ్వను.

రీస్టార్ట్ చేస్తే ఆ హద్దు పోతుంది. బూట్‌లో అదే కమాండ్ నడిచేలా సిస్టండీ (బూట్‌లో ప్రోగ్రాంలు మొదలుపెట్టేది) సర్వీస్ ఒకటి రాసుకోవాలి.

డాలస్_దోసె
ఇదంతా చూస్తుంటే ఒక ప్రశ్న. విస్పర్ లార్జ్ నడపడానికి పది జీబీ చాలు. 12 జీబీ కార్డుతో అయ్యే పనికి 4090 ఎందుకు? ఆ డబ్బుతో క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్నా అయిపోయేది.

తెనాలి_టేపులు
వినడం ఒక్కటే అయితే మీ మాటే నిజం అండీ. నాకు నేర్పించడం ముఖ్యం. పైగా ఈ టేపుల్లో ఇంటివాళ్ల మాటలు, ఏడుపులు, గొడవలు కూడా ఉన్నాయి. వాటిని బయటి మెషీన్ మీద పెట్టడం అమ్మకు ఇష్టం లేదు.

కెర్నల్_కామాక్షి
అమ్మగారి మాటే సరైనది. కాకపోతే నేర్పించడానికి 24 జీబీ కూడా ఇరుకే, ముందే లెక్క వేసుకోండి. విస్పర్ లార్జ్‌లో 155 కోట్ల పారామీటర్లు (మోడల్ నేర్చుకున్న అంకెలు). పూర్తిగా నేర్పిస్తే ఒక్కో పారామీటర్‌కు విలువ, గ్రేడియెంట్ (దాన్ని ఎటు సవరించాలో చెప్పే అంకె), ఆడమ్ అనే నేర్పే పద్ధతి దాచుకునే రెండు అంకెలు కలిపి 16 బైట్లు. అంటే 25 జీబీ దాకా ఒట్టి దానికే పోతుంది, ఆడియోకు చోటే ఉండదు. లోరా (మోడల్ మొత్తాన్ని కాక, పక్కన చేర్చిన చిన్న భాగాన్నే నేర్పించే) పద్ధతిలో చేయండి, హాయిగా పడుతుంది. లేదంటే మీడియం మోడల్ తీసుకోండి. అది దాదాపు 77 కోట్లే కాబట్టి ఇదే లెక్కకు పన్నెండు జీబీ పైచిలుకులో సర్దుకుంటుంది.

తెనాలి_టేపులు
లోరాతోనే మొదలుపెడతాను మేడమ్. 300 వాట్ల హద్దు పెట్టాను, గోడ ప్లగ్ మీద రాత్రంతా ఆగకుండా నడిచింది.

నేర్పించక ముందు లార్జ్ ఎలా వింటుందో చూద్దామని మొదటి క్యాసెట్ ఇచ్చాను. కథ చెప్పే చోట తాతయ్య మాటలు పదికి ఆరేడు సరిగ్గానే పట్టింది. వంతలు 'తందాన తాన' అందుకోగానే మాత్రం 'తందాన' అని పేజీన్నర రాసుకుంటూ పోయింది. తర్వాత వచ్చిన కథంతా వదిలేసింది.

నల్లమల_నోడ్
వంతపాటలో మూడో గొంతు అయిపోయింది!

ఎర్ర_కార్డు_ఫ్యాన్
అది దానికి ఉన్న అలవాటే. 30 సెకన్ల ముక్కలుగా వింటుంది. ముందు ముక్కలో తను రాసింది చూసుకుని తర్వాతి ముక్క రాస్తుంది. ఒకసారి పాటలో పడితే అందులోనే తిరుగుతుంది. 'కండిషన్ ఆన్ ప్రీవియస్ టెక్స్ట్' అన్న ఆప్షన్‌ను ఫాల్స్ చెయ్. ఫాస్టర్-విస్పర్‌లో వీఏడీ ఫిల్టర్ కూడా ఉంది, అది ఆన్ చేస్తే మాటలు లేని ఖాళీ చోట్లు తీసేస్తుంది.

తెనాలి_టేపులు
రెండూ చేశాను. గుమ్మెట మోగినప్పుడు ఒకటి రెండు పిచ్చి మాటలు వస్తున్నాయి కానీ కథ దారిలో పడింది. 11వ నిమిషంలో తాతయ్య కథ ఆపి, 'ఎవరమ్మా ఆ పిల్ల, ముందుకొచ్చి కూర్చో, దుమ్ములో నిద్రపోతోంది' అంటారు. అది అక్షరం పొల్లు పోకుండా రాసింది. ఆ పిల్ల మా అమ్మే. ఆవిడకు చదివి వినిపించాను.

టెర్మినల్_తాత
బాబూ, మా తమ్ముడి దగ్గర హరికథల క్యాసెట్లు పదకొండు పడి ఉన్నాయి. టేపు కొంచెం బూజు పట్టింది. నువ్వు కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించావు? ఏ ప్లేయర్ వాడావు?

తెనాలి_టేపులు
తాతగారూ, బూజు ఉంటే ప్లేయర్‌లో అలాగే పెట్టకండి, హెడ్‌కు అంటుకుని మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. నేను వాడింది మా మావయ్య పాత డెక్, దాని హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌కు కేబుల్. రికార్డింగ్ అడాసిటీలో. ఒక్కో క్యాసెట్‌కు ముందు దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది హెడ్ తుడిచాను. బూజు పట్టిన టేపు ఎలా శుభ్రం చేశానో ఫోటోలతో రేపు వేరే థ్రెడ్‌లో పెడతాను. అప్పటిదాకా ఆ పదకొండూ ఎండ తగలని పొడి చోట నిలబెట్టి ఉంచమనండి.